గారు లేనివాళ్లు

అక్కా,

ఈ ఉదయం పదకొండింటికి నీ కూతురు కమల కంప్యూటర్ క్లాసులో మాస్టారి మాట కాదంది. నువ్వు పోయి నేటికి ఏడాది. గుంటూరులో వాళ్ల కాలేజీకి కొత్తగా కంప్యూటర్ వచ్చిందని వార్త రాయడానికి వెళ్లి, వెనక బెంచీలో కూర్చున్నాను.

జాబితాలో కొన్ని పేర్లనే ఎంచి మార్చడం ఇవాళ్టి పాఠం. సిబ్బంది పేర్లిచ్చి, లెక్చరర్లకు మాత్రం 'గారు' చేర్చమన్నారు. ప్రిన్సిపాల్ పేరుకి అది ముందే ఉంది. గారు లేకుండా ఆ పేరు టైపు చెయ్యడానికి మాస్టారికి చెయ్యి రాలేదు. కమల ప్రోగ్రాం నడిపితే అటెండరు ఏసోబుకీ, ఊడ్చే మరియమ్మకీ కూడా 'గారు' వచ్చింది.

"ఎంచి మార్చమంటే అందర్నీ మార్చేశావేంటమ్మా?" అన్నారు మాస్టారు.

"అందర్నీ కాదండి. ప్రిన్సిపాల్ గారిని వదిలేశాను. గారు లేనివాళ్లనే ఎంచాను."

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు.

"సోమవారం ప్రిన్సిపాల్ గారు చూడ్డానికొస్తారు. ఈలోగా సరిచెయ్యకపోతే ఆ తర్వాత ఇక క్లాసుకి రావద్దు."

టీ తెచ్చిన ఏసోబుగారు బెదిరిపోయారు. "నా పేరుకెందుకు తల్లీ, తీసెయ్."

"మీరూరుకోండి ఏసోబుగారూ. తియ్యను."

మన నాన్న మిర్చి యార్డులో బస్తాలు మోసినన్నాళ్లూ అందరూ 'ఏరా' అనే పిలిచారు. నువ్వు టీచరువయ్యాక, బడి వార్షికోత్సవంలో ఆయన్ని చూపించి "మా నాన్నగారు" అని మైకులో చెప్పావు. ముందు వరసలో నవ్వారు. నువ్వు మళ్లీ చెప్పావు.

కమలకి ఈ సంగతి తెలియదు. నేనూ చెప్పలేదు. సోమవారం పదింటికి ప్రిన్సిపాల్ ముందు తను ఆ ప్రోగ్రామే నడుపుతుంది.