నీళ్లలో ముంచిన బొమ్మ

గుడియాత్తం

నాయనా చెంగల్రాయుడూ,

నీ కూతురు చిన్నమణి రంగులు నాసిరకమని రాశావు. తప్పు. అవి కాగితం మీద రుద్దే పొడి రంగుల కడ్డీలు, తడి తగలకూడదు. నూలుకు అద్దకం నిలిచిందో లేదో చూసినట్టు, అది నెల్లాళ్లు గీసిన నా బొమ్మను నీళ్ల తొట్టిలో ముంచావు. అరవయ్యేళ్ల ఎండ చెరపలేని నా ముఖాన్ని ఒక్క మునకతో చెరిపావు, సంతోషం. పైగా "ఇంక గీసింది చాలు" అని రంగులపెట్టె వేలూరిలో నీ అంగడికి ఎత్తుకుపోయావు.

పిల్ల సరిగా అన్నం తినడం లేదు. "అవ్వా, నీ చెంపలో ఎన్ని ఎరుపులుండాయో నాయన చూడనే లేదే" అంటోంది. ఇరవయ్యేళ్లుగా రంగు నూలు అమ్ముతున్నవాడివి, నీకు కనబడేది ఒక్క ఎరుపే.

శనివారం మన పక్కింటి బలరామయ్య అక్కడినుంచి వస్తాడు. పెట్టెను దూదిలో చుట్టి, బొమ్మలు గీసే గరుకు కాగితాలు నాలుగింటితో ఆయన చేతికివ్వు. నీవే తెస్తానంటే గడ్డం గీయించుకుని రా. ఈసారి బొమ్మకు కూర్చోవలసింది నీవే.

అమ్మ