ఖాళీ బండికి ఎనిమిది పొరల టైర్లు

మిషన్ కాంపౌండు, చేవెళ్ళ,
జూలై 1969.

మేరీ బాపుకు, ప్రభువు నామంలో మేరీ తల్లి వందనాలు.

ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట రాసేదాకా అత్తమ్మ నా పక్కనుంచి కదలలేదు. "క్షేమమని రాసినవా? ముందుగాల గది రాయి" అని రాయించి, ఇప్పుడే మేకల దగ్గరికి పోయింది. మీ క్షేమం గురించి మీరు రాసింది ఒక్క ముక్క. "దగ్గు ఉన్నది, తగ్గుతుంది" అని. అంతకు ముందు ఉత్తరంలోనూ అదే, దానికి ముందు దాంట్లోనూ అదే. టైర్ల గురించి మాత్రం రెండు పేజీలు రాశారు. మిమ్మల్ని కట్టుకున్నప్పుడే మా అమ్మ అన్నది, ఈ డ్రైవరు పిల్లగాడు నీకంటే బండిని బాగా చూసుకుంటాడని.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. ఆఫీసులన్నీ సమ్మెలో ఉన్నాయి, బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. గుట్ట మీది దవాఖానలో మీ వార్డులోనే ఉన్న తన తమ్ముణ్ణి చూడటానికి ముడిమ్యాల రామన్న కూరగాయల లారీ పట్టుకుని వస్తానన్నాడు. ఆయన చేతికిస్తున్నాను. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వండి. ఆ రాత్రి అక్కడే ఉంటాడు కాబట్టి తొందరపడకుండా ఆలోచించి రాయండి.

మేరీ చదువు సంగతి అడిగారు. బడి ఇంకా తెరవలేదు. ఊళ్ళో పిల్లలకు చదువు చెప్పే నేను, సొంత బిడ్డకు ఏడాది పోతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంట్లో నేనే చెబుతానంటే వినదు. "సదివి ఏం జెయ్యాలె అవ్వా? మన కొలువులు మనకిస్తరా?" అంటుంది. నాకూ కడుపు మండుతూనే ఉన్నది. కానీ పట్నంలో తుపాకులకు పిల్లలు పడిపోయారని విన్నప్పటి నుంచి దాన్ని గేటు దాటనివ్వడం లేదు. గేటు మూస్తే గోడ దూకుతుంది. మొండితనం అంతా మీ పోలికే.

ఇల్లు కారుతుందా అని అడిగారు. కారుతుంది. మీరు ఉన్నప్పుడే కారింది, లేనప్పుడు మానుతుందా? మీ మంచం ఉండే మూల మాత్రం పొడిగా ఉంది.

పాత టైర్లు జాగ్రత్త చేయమన్నారు. మన దగ్గరి ప్రొద్దుటూరు భిక్షపతి చెప్పులకు అడుగు వేసుకుంటానంటే ఇస్తానని మాటిచ్చారట. ఆ మాట దక్కలేదు, ఏమీ అనుకోవద్దు. ఆ టైర్లు చౌరస్తాలో కాలిపోయాయి. జై తెలంగాణ పిల్లలు వచ్చి అడిగితే నేనే ఇచ్చాను. మన మేరీయే ఒక్కొక్కటీ దొర్లించుకుంటూ గేటుదాకా తీసుకుపోయింది. పొగ లేచినప్పుడు అత్తమ్మ వాకిట్లో నిలబడి చూసింది. "గవి నా కొడుకు టైర్లు గాదె?" అన్నది. అవునన్నాను. "ఎన్ని ఊర్లు తిరిగినయో" అని లోపలికి పోయి పడుకుంది, ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకు ఇచ్చానో కింద రాస్తాను, అప్పుడు కోప్పడండి.

ఇక ఇల్లుబండికి కొత్త టైర్లు. మీరు నాలుగు పొరలవి చాలని రాసిన ఉత్తరం నాకు చేరేసరికి నేను ఎనిమిది పొరలవి కొని తెచ్చేశాను. జీపు నడిపే హన్మయ్యను వెంటబెట్టుకుని, బందు లేని రోజు చూసుకుని పట్నం పోయాను. అఫ్జల్‌గంజ్‌లో ఒక్క టైర్ల దుకాణం సగం తలుపు తీసి ఉంది. దుకాణాయన కోస్తావైపు మనిషి. బోర్డు మీద తన ఊరి పేరు ఉన్నచోట తారు పూసుకున్నాడు. భార్యాపిల్లల్ని రైలెక్కించి పంపేశాడట, సరుకు అమ్ముడుపోగానే తానూ పోతాడట.

"ఏ బండికమ్మా?" అని అడిగాడు. చెప్పడం నాకు చాతకాలేదు. ఊళ్ళల్లో మందులిచ్చే మిషన్ దొరసాని తన దేశం నుంచి ఓడలో తెప్పించుకున్న ఇల్లుబండి అనీ, జీపు వెనక తగిలించుకుని ఊరూరా తిరిగేవాళ్ళమనీ, లోపల మంచం, స్టవ్వు, మందుల అలమారా ఉంటాయనీ చెప్పాను. ఆయనకు ఆ బండి బాగా నచ్చింది. "అలాంటిది నాకొకటుంటే దుకాణం అందులో సర్దుకుని పోదునండీ" అన్నాడు. నవ్వుదామనుకున్నాను, ఆయన ముఖం చూసి ఊరుకున్నాను.

తరవాత అడిగాడు, లోపల బరువెంత ఉంటుందని. మందులు లేవు, సామాను లేదు, ఒక మనిషి అన్నాను. "ఒక్క మనిషికయితే నాలుగు పొరలవి చాలమ్మా. ఎనిమిది పొరలవి లారీ సరుకు. పగలవు, కానీ మెత్తదనం ఉండదు, ప్రతి రాయీ లోపలికి తెలుస్తుంది" అని రెంటినీ పక్కపక్కన పెట్టి, నా బొటనవేలితో నొక్కించాడు. ఒకటి కొంచెం లొంగింది. రెండోది గోడలాగా ఉన్నది. పగలకుండా ఉండేదే ఇమ్మన్నాను.

ఎందుకంటే చిన్న మంగళారం ఊరి బాట మీద ఆ రోజు నాకు కళ్ళల్లో ఉంది. టైరు పగిలి బండి పొలంలోకి ఒరిగిపోయి, మందు సీసాలన్నీ పగిలి, మనం సాయంత్రందాకా గట్టు మీద కూర్చున్నాం. ఆ రోజు మీరు పగిలిన చక్రాన్ని భుజాన వేసుకుని రోడ్డుదాకా నడిచిపోయారు. దారిలో పోయే లారీవాడు ఆగాడు, సాయం చేశాడు. ఇప్పుడు లారీలే లేవు, పంచరు దుకాణాలు మూతపడ్డాయి. నడిచిపోయి ఎవరినైనా పిలుచుకురావడానికి మీరు స్టీరింగు దగ్గర ఉండరు.

రాయకుండా ఎంత దూరం వచ్చానో చూడండి. మీరు అడిగిన అసలు మాట ఇంకా అట్లాగే ఉంది. "దొరసాని తన దేశం పోయింది, ఊళ్ళు తిరగడం ఆగిపోయింది. ఖాళీ బండికి గట్టి టైర్లెందుకు? ఎవరు కూర్చుంటరు దాంట్ల?" అని రాశారు.

మీరే.

కిందటిసారి నేను వచ్చినప్పుడు, మీరు నిద్రపోతుంటే, డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. రెండు ఊపిరితిత్తులూ పాడైనాయన్నాడు. సూది మందు, గోలీలు ఏవీ పట్టడం లేదట, ఆపరేషనుకు ఒళ్ళు ఆగదట. "ఇంటికి తీసుకుపోతానంటే కాదనను, అందరి మధ్యా ఉంటాడు. కూర్చోబెట్టి మాత్రం తేవద్దు, పడుకోబెట్టి తీసుకుపో. బిడ్డకు దూరంగా, గాలి వచ్చే గదిలో ఉంచు" అన్నాడు. నయం కాదా అని అడిగాను. ఆయన కిటికీలోంచి మీవైపు చూశాడు. నేను లోపలికి వచ్చేసరికి మీరు లేచి ఉన్నారు, డాక్టరు ఏమన్నాడని అడిగారు. వానలు పోయాక చూద్దామన్నాడని చెప్పాను. వాన మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు.

ఇక్కడ కూడా ఎవరికీ చెప్పలేదు. సంఘం పెద్దలతో, "డాక్టరు ఇంటికి పంపుతానన్నాడు, పడుకోబెట్టి తేవాలి, ఇల్లుబండికి టైర్లు కావాలి" అన్నాను. అందులో అబద్ధం లేదు. వాళ్ళు మీకు నయమైందనుకున్నారు. ఆదివారం ఆరాధనలో చందా పట్టారు. ముడిమ్యాలవాళ్ళు జొన్నలు అమ్మి ఇచ్చారు. స్తుతి గీతం కూడా పాడారు. నేను నిలబడి వాళ్ళతో పాటు పాడాను. అట్లా పాడినందుకు దేవుడు నన్ను ఏమంటాడో తెలియదు. మీరు తిట్టినా పడతాను.

మొదటిసారి డాక్టరు చెప్పిన మాట నా నోటినుంచి వచ్చింది ముక్కూ ముఖం తెలియని పిల్లల ముందు. పట్నం నుంచి టైర్లతో వస్తుంటే చౌరస్తాలో జీపును ఆపారు. మన మేరీ ఈడువాళ్ళే. కొత్త టైర్లు చూసేసరికి వాళ్ళకు పండగయ్యింది. "దిగుండ్రి అవ్వా, టైర్లు మాకు కావాలె" అన్నారు. హన్మయ్య చేతులు జోడించాడు. నేను దిగలేదు, టైర్ల మీద ఎక్కి కూర్చున్నాను.

"ఇవి కాలవెట్టేటియి కావు బిడ్డా. మా ఇంటాయన గుట్ట మీది దవాఖాన్ల ఉన్నడు. ఇగ మందులు పని చేస్తలేవట. పండవెట్టి ఇంటికి తెచ్చుకోవాలె. ఇంక ఎన్ని దినాలు ఉంటడో ఎర్కలేదు" అన్నాను.

ముందు కూర్చున్న హన్మయ్య వెనక్కి తిరిగి నన్ను చూశాడు. అతనికీ అప్పుడే తెలిసింది. పిల్లలు పక్కకు జరిగారు. జెండా పట్టుకున్నవాడు, "మరి పాతయి ఏమన్న ఉన్నయా అవ్వా?" అని మెల్లగా అడిగాడు. రేపు వచ్చి తీసుకుపొమ్మన్నాను. మీ టైర్లు అట్లా పోయాయి. భిక్షపతికి నేను చెప్పుకుంటాను.

చక్రాలు బిగించాక, మొన్న ఇల్లుబండిలో మీ బదులు నేను పడుకున్నాను. హన్మయ్యను మొయినాబాద్‌దాకా లాగమన్నాను, అక్కడినుంచి చిన్న మంగళారం కంకర బాట మీద కొంత దూరం. తారు రోడ్డు మీద ఫరవాలేదు. కంకర మీద ఆ దుకాణాయన చెప్పిందే నిజమైంది. ప్రతి రాయీ వీపులో దిగింది. ఒకచోట మంచం మీదినుంచి లేచి పడ్డాను. ఏ జబ్బూ లేనిదాన్ని, దిగాక బండి పట్టుకుని నిలబడ్డాను. మీ దగ్గు గుర్తొచ్చి, నాలుగు పొరలవే కొనవలసింది కదా అని అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ దుకాణం ఇప్పుడు లేదు, ఆయన పోయాడు. మార్చుకునే దారి లేదు.

కొంచెం గాలి తీస్తే కుదుపు తగ్గుతుందా అని హన్మయ్యను అడిగాను. "తగ్గుతది గని, తక్కువ గాలితోని లాగితె పక్కలు నలిగి టైర్లు ఖరాబైతయి అక్కా. ఐదేండ్లు రావాల్సినయి" అన్నాడు. ఖరాబు కానీ అన్నాను. అయిదేళ్ళు నాకెందుకు? గుట్ట నుంచి ఇంటిదాకా ఒక్కసారి వస్తే చాలు. అన్నాక అతని ముఖం చూడలేకపోయాను.

కానీ ఎంత తీయాలో మాకిద్దరికీ తెలియదు. మరీ తీస్తే గుట్ట మలుపుల్లో టైరు చక్రం నుంచి ఊడుతుందని అతని భయం. తీయకపోతే మీరు ఇంటిదాకా ఆగరని నా భయం. ఈ బండి సంగతి తెలిసిన మనిషి ఈ చుట్టుపక్కల మీరొక్కరే. అందుకే ఇదంతా రాయవలసి వచ్చింది, లేకపోతే ఈ మాట నేను మీతో ఎప్పటికీ అనకపోయేదాన్నేమో. మీకు ముందే తెలుసేమో కూడా. "ఎవరు కూర్చుంటరు" అని మీరు ఊరికే అడగరు.

మంచం మీద రెండు బొంతలు వేసి ఉంచాను. తల ఏ వైపు పెట్టమంటారో చెప్పండి. సామాను ఏమీ ఉండదు. మీరు పడుకుంటారు, పక్కన నేను కూర్చుంటాను. ఎన్ని పౌండ్ల గాలి పెట్టాలో మీ చేత్తో రాసి పంపండి. మీ చీటీ వచ్చేదాకా బండి కదిలించవద్దని హన్మయ్యకు చెప్పాను.

ఇట్లు,
మీ మేరీ తల్లి
విమల.