డబ్బాలో చిన్న మిల్లు

ఆదిలాబాద్, 21 ఆగస్టు 1992

నిన్న ఆయన పోయారు. పాడె ఎత్తక ముందే పేస్‌మేకర్ తీయాలంది ప్రమోదిని. మంటలో పేలుతుందట. ఆమె నా ఆడబిడ్డ సీతాబాయి కూతురు, డాక్టరు కూడా కాబట్టి ఇంట్లోనే తీసేసింది. అగ్గిపెట్టెంత ఉంది. కడిగి నా చేతిలో పెట్టింది.

2 సెప్టెంబర్

కాష్టంల ఏరిన బొక్కలతోని పాటు దాన్ని గూడ బాసర గోదాట్ల కలపాలె, పోయినోల్ల వస్తువు ఇంట్ల ఉంచద్దు అని సీతాబాయి ఒకటే పోరు. తలూపి, బోర్న్‌విటా డబ్బాలో పెట్టి బీరువాలో దాచాను. నా ఇష్టం.

17 సెప్టెంబర్, మధ్యాహ్నం

ఇల్లు బోసిగా ఉంది. ఆయన పేస్‌మేకర్‌ను చిన్న మిల్లు అనేవారు. నా చెయ్యి పట్టుకుని కాలర్ బోన్ కింద ఆ బొడిపె మీద పెట్టించి, మన పత్తి జిన్నింగ్ మిల్లుకు ఆదివారం సెలవున్నది గాని దీనికి లేదు సరళా అని నవ్వేవారు.

మూడేళ్ల కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ రోజు. పేషెంట్ పేరు చెప్పమని క్లర్కు గద్దింపు. పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు నోటితో పలికిన దాన్ని కాదు, మా అవ్వ అట్లా పెంచింది. నేను నేల చూపులు చూస్తుంటే స్ట్రెచర్ మీది మనిషే కళ్లు తెరిచి తన పేరు తనే అరిచారు. ఇంటికొచ్చాక ఏడాదంతా అదే ఎగతాళి. నాకు సోయి లేకుంటే పేరు లేకుండనే పోతుంటి గదా అని. అబ్బ, ఎంత వెటకారమో! ఇప్పుడు అది కూడా లేదు.

18 సెప్టెంబర్

ప్రమోదిని వచ్చింది. డబ్బా సంగతి కనిపెట్టేసింది. బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసి రిటైరైన ఇస్తారి భార్య దుర్గవ్వకు గుండె ఆగి ఆగి కొట్టుకుంటోందట. ఏ రోజైనా ప్రాణం పోవచ్చట. కొత్తది కొనే తాహతు లేదు. దీన్నే క్లీన్ చేసి, గ్యాస్‌తో స్టెరిలైజ్ చేసి, టెస్ట్ చేసి ఆమెకు పెట్టొచ్చట. బ్యాటరీ ఇంకా చాలా ఏళ్లు వస్తుందట. డబ్బాల ఉన్నా అది నడుస్తనే ఉంటది అత్తమ్మా, ఉత్తగనే అరుగుతది అంది.

19 సెప్టెంబర్

ఇవ్వను.

24 సెప్టెంబర్, పొద్దున

పత్తి వేయకుండా మిషన్ ఖాళీగా తిరిగితే ఆయనకు ఒళ్లు మండేది. తింటున్న అన్నం వదిలి లేచి వెళ్లి, ఎవడురా ఉత్తగ తిప్పుతున్నది అని వీధంతా వినబడేలా అరిచేవారు. ఇన్నాళ్లుగా బీరువాలో నేను చేస్తున్నదీ అదే.

ప్రమోదినికి కబురు పంపాను. ఇచ్చేటప్పుడు మాత్రం నా వేళ్లు డబ్బాను వదల్లేదు. ఆమే మెల్లగా విడదీసింది. ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

11 నవంబర్

దుర్గవ్వకు పెట్టారట. లేచి తిరుగుతోందట. సంతోషమే. జర కుళ్లు కూడా.

14 అక్టోబర్ 1993

దుర్గవ్వ బస్సెక్కి వచ్చింది. ఎంత పిలిచినా గడప దాటలేదు. రేపు పెత్రమాస, పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చే దినం, మా అవ్వ బాపుల తోటి సారు పేరు మీద గూడ బియ్యం ఇస్తనమ్మా, పేరు చెప్పున్రి అంది. గోడ మీద ఫొటో చూపించాను. కింద పేరుంది. నాకు సదువు రాదమ్మా అంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. పేరు చెప్పకపోతే పూజారి అయ్యగారు బియ్యం తీసుకోరు. ఆయన ఎగతాళి గుర్తొచ్చింది.

అదే రోజు, ఆమె పోయాక

మరిచిపోతనేమో అని రెండుసార్లు చెప్పించుకుని పోయింది. ఇక్కడా రాస్తున్నాను.

సుదర్శన్‌రావు.