ఎర్ర కారు ఇంజను దించడం

ఫిబ్రవరి 2, 2003. ఆదివారం

చిన్న తమ్ముడు శేషు కొన్న పాత ఎర్ర కారు లారీలోంచి దిగింది. రేసు కారు లాంటిదట. నేలకి అంటుకుపోయి ఉంది. పత్తి షెడ్డులో పెట్టించాడు. ముందు మూత ఎత్తితే ఖాళీ... ఇంజను సీట్ల వెనకాల.

ఎదురింటి సుబ్బయ్య బాబాయ్ — "రెండు సీట్లేనట్రా? మరి మిరపకాయ టిక్కీ బస్తా ఎక్కడేస్తావు?"

శేషు — "నీ నెత్తినేస్తాలే బాబాయ్."

4, మంగళవారం

ఇంజను పట్టేసిందట. బయటికి తీస్తే గాని బాగవదు. బోరు మోటార్లు లాగే మూడుకాళ్ల స్టాండు, గొలుసు కప్పీ కావాలి. అవి ఉన్నది పెద్ద తమ్ముడు రాఘవ దగ్గరే. ఊళ్లో మోటార్లన్నీ లాగేది వాడే. చేల మధ్య గట్టు గొడవై మూడేళ్లు... ఇద్దరికీ మాటల్లేవు.

శేషు — "నువ్వడుగక్కా."

రాఘవ — "నీకైతే తీసుకుపో. ఎవరి కోసమో నాకు చెప్పకు."

చెప్పలేదు.

5, బుధవారం

మధ్యాహ్నం కునుకులో — ఎర్ర కారు మిరప కల్లాల మీదుగా చప్పుడు లేకుండా పోతోంది. లోపల తమ్ముళ్లిద్దరూ, చిన్నప్పటి నిక్కర్లతో.

6, గురువారం

పూజయ్యాక షెడ్డుకి వెళ్లాను. రేకు కంతల్లోంచి ఎండ, అందులో తేలుతున్న దూది. ప్రతి వైరుకీ, గొట్టానికీ చీటీ కట్టాడు శేషు. నా కుంకుమ భరిణెలో బోల్టులు. 

7, శుక్రవారం

కొబ్బరికాయ కొట్టి గొలుసు లాగాడు. ఇంజను ఊడి రాలేదు. దాంతోపాటు కారు వెనక భాగమంతా లేచింది — నీళ్ల మీద తేలినట్టు. వాడు చూస్తూ, నేను చూస్తూ. కల్లం వైపు నుంచి ఘాటు. ఇద్దరం తుమ్మాం.

8, శనివారం

రాఘవ వచ్చాడు. "నా గొలుసు చూసుకుందామని." కారు చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు.

"అక్కా, వాడికి చెప్పు. ఇది బోరు మోటారు కాదు పైకి లాగడానికి. అడుగు చట్రంతో సహా ఇంజన్ని కిందికి దించి, కారుని పైకెత్తాలి. ఒక్కడి వల్ల కాదు."

కారు కిందనుంచి శేషు — "విన్నానని చెప్పక్కా ఆయనకి." అన్న అనడం మానేశాడు.

"రేపు పొద్దున వస్తానని చెప్పు."

"రమ్మని చెప్పు."

మధ్య దూరం మూడు బారలు. చెప్పాను. మూడేళ్లుగా చెబుతూనే ఉన్నాను. నేనక్కడుంటే వాళ్లు మాట్లాడుకోవాల్సిన పనేముంది?

ఇన్నాళ్లూ తట్టలేదు.

9, ఆదివారం

వంట చేసి మూతపెట్టి, ఎవరికీ చెప్పకుండా పెదకాకాని శివాలయానికి బస్సెక్కాను. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను. గొలుసు ఒకడు లాగాలి, కిందనుంచి ఒకడు చెప్పాలి... పంతానికి నోరు మూసుకున్నారా, చెయ్యి నలిగిపోతుంది. తెలిసే వచ్చాను.

మధ్యాహ్నం ఊళ్లో దిగాను. రాఘవ స్కూటరు గోడ నీడన ఉంది. షెడ్డులో గొలుసు చప్పుడు... ఒక్కో లంకె, ఒక్కో లంకె.

"ఆపు."

ఆగింది.

అన్నది ఎవరో తెలియలేదు. ఇద్దరిదీ నాన్న గొంతే. 

గేటు గొళ్లెం మీద చెయ్యి వేసి నించున్నాను. తియ్యలేదు.