ఏడు సాయంత్రాల హాజరు

బెంచీ మీద టిస్యూ పాకెట్టు ఉండి మనిషి లేకపోతే, ఆ మనిషి తరగతికి వచ్చినట్టా, రానట్టా? నాలుగేళ్లుగా ఈ ప్రశ్నను మోస్తున్నాను. ముందు చట్టానికి కావలసిన మాటలు రాసి, తర్వాత దాని దగ్గరికి వస్తాను.

సింగపూరు యీషున్‌లో నివాసముంటున్న లక్ష్మీప్రియ అనే నేను, కీర్తిశేషులు ఆండాళమ్మ గారి పెద్ద కుమార్తెను, వయస్సు నలభై ఆరు, అవివాహితను, పాయా లేబర్‌లోని ఒక సాయంకాలపు కమ్యూనిటీ కళాశాలలో కంప్యూటర్ ప్రోగ్రామింగ్ అధ్యాపకురాలిని. వచ్చే నెల నాకు రెండో ఆపరేషన్. మందుల వల్ల చేతిరాత వంకర పోయింది గానీ తెలివి సరిగానే ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకుముందు రాసినవి ఏవైనా ఉంటే చెల్లవు.

1. దీని అమలు బాధ్యత మా కళాశాలలో రిజిస్ట్రారుగా చేసి విరమించిన సీతారామారావు గారిది. నా పుస్తకాలన్నీ ఆయనకే. చదివి ఇస్తానని తీసుకెళ్లినవి ఎలాగూ తిరిగి రాలేదు కనుక మిగిలినవీ అక్కడికే చేరడం న్యాయం.

2. అమ్మ కాసులపేరు మా చెల్లెలు నళినికి. అమ్మ పోయిన పదోరోజునే "నీకు పెళ్లా పెటాకులా అక్కా, నీకెందుకది?" అని అందరి ముందూ అడిగింది. ఆ మాటకే ఇన్నాళ్లూ బీరువాలో పెట్టాను. ఇప్పుడు ఇస్తున్నది మాట మరిచిపోయి కాదు, బీరువా ఖాళీ చేయాలి కనుక.

3. నాన్న ఫౌంటెన్ పెన్ను నళిని కొడుకు ప్రేమ్‌కు. ఆస్పత్రికి వారం వారం సూప్ పట్టుకొచ్చి, "తిను పెద్దమ్మా, కోల్డ్ అయిపోతుంది లా" అని పక్కన కూర్చునేవాడు వాడొక్కడే. కింద రాసేదానిలో వాడి తప్పేమీ లేదు. వాడికి తెలియదు కూడా.

4. ఇది ఆస్తి పంపకం కాదు. అయినా ఇక్కడే రాయాలి, తర్వాతివన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

నలభై సీట్ల గదిలో అరవై మంది చేరేవారు. హాకర్ సెంటర్‌లో తినే ముందు బల్లను చోప్ చేసి అట్టిపెట్టుకున్నట్టే మా పిల్లలు బెంచీ మీద టిస్యూ పాకెట్టు పెట్టి సీటు పట్టుకునేవారు. పాకెట్టు ఉంటే మనిషి వస్తాడని నేనూ హాజరు వేసేసేదాన్ని. షిప్‌యార్డు వెల్డరు సింహాచలం పాకెట్టును అతని రూమ్మేటు రమణ ముందే తెచ్చి మొదటి బెంచీలో పెట్టేవాడు. యార్డు లారీ దిగి సింహాచలం తరగతి చివర వచ్చేవాడు. కొన్నిసార్లు వచ్చేవాడు కాదు. ఒకరోజు నిలదీస్తే, "నాను రాకపోయినా నా టిస్యూ ఒచ్చింది గదండీ మేడమ్, దానికైనా హాజరు ఎయ్యండి" అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వి వేశాను.

1996లో ఉత్తమ విద్యార్థి బహుమతికి ఇద్దరు మిగిలారు: సింహాచలం, అదే తరగతిలో చదివే మా ప్రేమ్. మార్కుల్లో సింహాచలమే పైన. కంప్యూటర్లు తెలిసినవాళ్ల కోసం కంపెనీలు ఎగబడుతున్న రోజులవి. బహుమతి వచ్చినవాళ్లకు వర్క్ పర్మిట్ మార్పించి మరీ ఉద్యోగమిస్తామని ఒక కంపెనీ ముందే చెప్పింది. నూటికి తొంభై హాజరుండాలని నియమం. బహుమతి కమిటీ కూర్చునే ముందురోజు, ఎవరూ అడగకుండానే, నేను హాజరు పట్టీ తెరిచి సింహాచలం పేరు ఎదుట ఏడు సాయంత్రాలు కొట్టేసి గైర్హాజరు వేశాను. పాకెట్టు మాత్రమే చూసిన రోజులవి. అబద్ధం కాదు. కానీ ప్రేమ్ పాకెట్టు పెట్టి కింద మకాన్‌కు, తిండికి, వెళ్లిన రోజులు కూడా ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. వాడు తిరిగి వస్తాడని నాకు తెలుసు అనుకున్నాను. సింహాచలం ఆ ఏడు రోజుల్లో ఎన్నిసార్లు చివర వచ్చాడో రమణను అడిగితే తెలిసేది. అడగలేదు.

కారణాలు బయటికి చెప్పకూడదని కమిటీ ఆనవాయితీ. వేదిక మీద ప్రేమ్ చేతికి బహుమతి నేనే అందించాను. వెనక వరుసలో సింహాచలం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ ఏడాది చివర పర్మిట్ అయిపోయి ఊరికి వెళ్లిపోయాడు.

5. నా ఫ్లాట్ అమ్మగా వచ్చేదంతా కళాశాలకు, ఏటా ఒక విద్యార్థికి బహుమతిగా. హాజరు చూడకూడదు. పగలు ఏదో ఒక పని చేసుకుంటూ చదివి, మొదలుపెట్టిన చోటు నుంచి అందరికన్నా దూరం వచ్చినవారికి ఇవ్వాలి. అది ఎలా కొలవాలో కమిటీయే తేల్చుకోవాలి. ఒక్క షరతు మాత్రం తప్పదు: బహుమతి రానివారిని విడిగా కూర్చోబెట్టి, ఎందుకు రాలేదో కమిటీ ముఖాముఖిగా చెప్పాలి. నా పేరు పెట్టవద్దు.

6. సొంత కంప్యూటరు లేక, ఓవర్‌టైమ్ చీటీల వెనక సింహాచలం రాసుకున్న ప్రోగ్రాం కట్ట నా సొరుగులో ఉంది. యార్డులో ఏ పనిముట్టు ఎవరి దగ్గరుందో చెప్పే ప్రోగ్రాం అది. నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అంతకన్నా శుభ్రమైన పని చూడలేదు. దాన్ని టెక్కలి దగ్గర అతని ఊరికి రిజిస్టరు పోస్టులో పంపాలి. చిరునామా రమణ ఇచ్చాడు. ఇస్తూ, "ఆడు మరి పుస్తకం ముట్టలేదండి మేడమ్. పరీక్ష చెడగొట్టీసినాను, నాకు సదువు అబ్బదురా అంతాడు" అన్నాడు.

అతను పరీక్ష చెడగొట్టుకోలేదు. ఆ సంగతి చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే.

7. పై నాలుగో అంశమంతా ఉత్తరంగా రాసి, అతని మార్కుల నకలుతో అంటించిన కవరు కట్ట పక్కనే ఉంది. పంపితే, తన చదువు మీద నమ్మకం అతనికి తిరిగి రావచ్చు. లేదా, ఇవాళ ఏ పనిలో ఉన్నాడో ఆ పని కూడా చేదెక్కవచ్చు. ప్రేమ్ చెవిన పడితే నాలుగేళ్ల ఉద్యోగం వాడికి దొంగసొత్తులా అనిపించవచ్చు. పంపకపోతే, ఏడు గీతలు గీసిన చెయ్యి ఇంకోసారి అదే పని చేసినట్టు.

సీతారామారావు గారూ, వీలునామాలో ఇలా సగం వదలకూడదని మీరు మందలించారు. పంపమని మూడుసార్లు రాశాను, మూడుసార్లు కొట్టేశాను. ఆ కవరు పంపాలో చింపాలో నాకు తేలలేదు.

యీషున్, 17 ఆగస్టు 2000

(సంతకం) లక్ష్మీప్రియ

ఆమె మా ఎదుట, మేము ఆమె ఎదుట, ఒకేసారి ఉండి సంతకాలు చేశాము. ఇందులో మాకు దక్కేది ఏదీ లేదు.

సాక్షులు:
వెంకటేశ్వర రావు, పక్క ఫ్లాట్
బాలనాగమ్మ, పై అంతస్తు