హిమేనా అమ్మమ్మ బొమ్మ

అన్నయ్యా,

"అమెరికాలో వీసా మీద ఉన్నావు, లైబ్రరీ గొడవలు నీకెందుకమ్మా?" అని ఫోన్‌లో అన్నావు. నీ బెంగ అర్థమైంది.

మా పక్కింటి మెక్సికో పిల్ల హిమేనా లైబ్రరీలో ఒక బొమ్మల పుస్తకం తెరిచి, రొట్టెలు ఒత్తుతున్న ముసలావిడను చూసి, "ఆంటీ, అచ్చం మా అమ్మమ్మే!" అని గంతులేసింది. వేరే దేశాల వాళ్ల కథలు ఇక్కడ వద్దని ఎవరో ఫిర్యాదు చేస్తే అలాంటి పుస్తకాలన్నీ తీసేశారు. "మా అమ్మమ్మ ఏం తప్పు చేసింది?" అని అడిగింది ఆ పిల్ల.

నిన్న లైబ్రరీ మీటింగ్‌లో వాళ్లమ్మ లొరేనా మాట్లాడుతూ ఏడ్చేసింది. మిగతాది నేను లేచి చెప్పాను. పుస్తకాలు తిరిగి పెట్టాలా వద్దా అన్న నిర్ణయం వచ్చే నెలట. అప్పటిదాకా ఆ పుస్తకాలు మేమే కొని, ప్రతి శనివారం మా గరాజ్‌లో పిల్లలకి చదువుతాం.

రేపే మొదటి శనివారం, మొదటి పుస్తకం చదివేది నేనే. భయం పోలేదు. అయినా చదువుతాను.

నీ చెల్లి