ముహూర్తానికి బిగించిన స్క్రూ

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారికి, అనకాపల్లి.
రావికమతం మండలం చెరకు రైతు మళ్ళ సన్యాసిరావు రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మా బావ ఎర్రయ్య నడుం పూసలో దారితప్పిన స్క్రూకు తక్షణం సి.టి. స్కాన్ తీయించి, కాలు పూర్తిగా చచ్చిపోకముందే వేరే ఆస్పత్రికి పంపించుట గురించి.

1. సదరు ఎర్రయ్య మా చెల్లెలు మరిడమ్మ భర్త. మాకవరపాలెంలో చెరకు పండిస్తాడు. మోపులు మోసి మోసి నడుం కింది పూస ముందుకు జారింది. ఇక్కడి ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పూసలను స్క్రూలతో బిగించారు. (ఆస్పత్రి పేరు వేరే కవరులో పెట్టాను. ఈ అర్జీ కాపీలు బెల్లం మార్కెట్లో పంచబోతున్నాను గనుక ఇక్కడ రాయలేదు.) ఆపరేషన్ అవసరమే. దానితో నాకు పేచీ లేదు.

2. తమరు వైద్యులు, తమకు చెప్పేంతవాణ్ణి కాను. కానీ మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసే కలాసీకి కూడా ఇది తెలియాలి గనుక రాస్తున్నాను. పూస ముందుభాగాన్నీ వెనకభాగాన్నీ కలుపుతూ అటొకటి ఇటొకటి రెండు ఎముక వంతెనలుంటాయి. స్క్రూ వంతెన మధ్యలోంచే పోవాలి. లోపలి గోడ చీలిందా, అవతల కాలికి పోయే నరం ఆనుకునే ఉంటుంది. వంతెన మన చిటికెన వేలంత కూడా ఉండదు. అంత ఇరుకులో స్క్రూ ఎటు పోతోందో ఆపరేషన్ జరుగుతుండగానే తెరమీద చూపించే ఎక్స్‌రే యంత్రం ఒకటి ఉంది. సి-ఆర్మ్ అంటారు. ఆ రోజు అది ఆస్పత్రిలో లేదు. వాళ్ళదే ఇంకో ఊరి బ్రాంచికి వెళ్ళింది. మధ్యాహ్నానికి వస్తుందన్నారు.

3. మరి మధ్యాహ్నం దాకా ఎందుకు ఆగలేదు? ముహూర్తం దాటిపోతుందని! అవునండీ, ముహూర్తమే. సదరు ఆస్పత్రి రిసెప్షన్లో పంచాంగం వేలాడుతుంటుంది. దాని కింద "శుభముహూర్తములకు ఆపరేషన్లు చేయబడును" అని బోర్డు. మేనేజరు థియేటర్ బయటికొచ్చి మా చెల్లెల్ని అడిగాడు: "అమ్మా, ముహూర్తానికి కానిచ్చేయమంటారా, మిషను వచ్చేదాకా ఆగమంటారా?"

"మిషను మజ్జేనం వత్తాది బాబూ. మూర్తం మళ్ళీ వత్తాదేటి? కానిచ్చేయండి," అంది మా మరిడమ్మ.

"ఒసేవ్, ఆగవే!" అన్నాను.

"నువ్వూరుకో అన్నియా. నీకు దేవుడూ లేడు, దెయ్యమూ లేదు. మొగుడు నాకున్నాడు," అంది.

నా నోరు మూయించడం మా ఇంట్లో ఆమె ఒక్కదానికే చేతనవును. వాళ్ళు లోపలికి పోయి బిగించేశారు.

4. తెలివి వచ్చాక ఎర్రయ్య ఎడమపాదం పైకి లేవలేదు. ఇప్పటికీ లేవదు. "బావా, ఈ కాలు నాదేనేటి? గిల్లి సూడు. నువ్వు గిల్లితే నీ ఏలు నొప్పెడతాది గానీ నాకేటీ తెలీదు," అని నవ్వించబోయాడు. నవ్వు రాలేదు. గోడ పట్టుకుని నాలుగడుగులు వేయిస్తే కాలికున్న చెప్పు వెనకే ఉండిపోయింది. అతనికి తెలియలేదు.

5. అడిగితే డాక్టరు గారు పక్కనుంచి తీసిన ఎక్స్‌రేను ట్యూబులైటుకు అడ్డంపెట్టి, "చూశారా, స్క్రూ ఎంత తిన్నగా ఉందో!" అన్నారు. గోడకు కొట్టిన మేకును పక్కనుంచి చూస్తే ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది గానీ, కుడికి జరిగిందో ఎడమకు జరిగిందో తెలుస్తుందా? సి.టి. తీయండి, పూసను అడ్డంగా కోసి చూపినట్టు నిజం బయటపడుతుంది అన్నాను. "అనవసరంగా అనుమానాలు పెంచుకోకండి. ఫిజియోథెరపీతో వచ్చేస్తుంది," అన్నారు. నర్సమ్మ ఇంకాస్త ముందుకెళ్ళి, తీర్చని మొక్కేమైనా ఉందా అని అడిగింది.

6. గట్టిగా నిలదీస్తే మేనేజరు చెప్పే జవాబు ఒక్కటే: "మీ చెల్లెలు గారి కోరిక మీదే చేశాం." బ్రేకుల్లేకపోయినా ఫరవాలేదు పోనీవయ్యా అని ప్రయాణికుడు అంటే, నర్సీపట్నం బస్సు డ్రైవరు పోనిస్తాడా? మా చెల్లెలు చదువుకోలేదు, భయపడింది, అడిగింది. వీళ్ళు చదువుకున్నారు. చదివిన చదువును పంచాంగం కింద వేలాడదీశారు. మూఢనమ్మకం పేదవాళ్ళ జబ్బు అంటారు. కాదు. పేదవాళ్ళది భయం. దాన్ని బోర్డు కట్టి అమ్ముకునేవాళ్ళదే జబ్బు.

7. విశాఖలో ఒక న్యూరోసర్జన్‌ను కలిశాను. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే ఎంత త్వరగా తీస్తే అంత మంచిదని, ఆలస్యమయ్యేకొద్దీ పాదం తిరిగొచ్చే ఆశ సన్నగిల్లుతుందని అన్నారు. సి.టి., లోపల వేసిన స్క్రూల వివరాలు తెస్తే తానే చేస్తానన్నారు. ఇక్కడ మేనేజరు ఇవ్వడు, పంపడు. పైగా మా చెల్లెలి చెవిలో "ఇప్పుడు మూఢం కదమ్మా, మూఢం పోయాక చూద్దాం," అని ఊదాడు. ఆమె తలూపింది. మూఢం పోయేదాకా నరం ఆగుతుందా అయ్యా?

కావున తమరు వెంటనే సి.టి. తీయించి, ఆపరేషన్ కాగితాలు మా చేతికిప్పించి, రోగిని విశాఖ పంపమని ఉత్తర్వు ఇవ్వవలెను. ఆ బోర్డు పీకించవలెను. విచారణ కమిటీ తరవాత వేసుకోండి, ముందు కాలు చూడండి. ఇక్కడ చిత్తగించవలెనని రాయాలట. చదివి లేచి రావలెనని రాస్తున్నాను.

విధేయత ఎర్రయ్య పాదం కదిలాక. ప్రస్తుతానికి,
అర్జీదారుడు,
మళ్ళ సన్యాసిరావు

తా.క.: ఇది రాసి ముగించాక మా ఊరి పంతులు గారింటికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా హేతువాద సభల్లో ఆయన్ని తిట్టినవాణ్ణి, ఆయన అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడ్డాను. "వైద్యానికి మూఢమేంటి సన్యాసిరావూ? ఎవడు చెప్పేడు నీకు?" అని ఆయన కండువా వేసుకుని నాతో ఆస్పత్రికొచ్చి మరిడమ్మకు అదే చెప్పారు. ఆమె ఏడ్చి, బట్టలు సర్దింది. అంబులెన్సు మాట్లాడి గేటు బయట నిలబెట్టాను. పంతులు గారు ఒప్పుకున్నారు, మా చెల్లెలు ఒప్పుకుంది. ఇక సైన్సు చదివినవాళ్ళే ఒప్పుకోవాలి.